ఎంత దూరం? (బడి సారు బెన్ ఐల్సన్ జీవిత కథ)

పోయిన నెల గోడపత్రికలో నేను ముగ్గు వేశాను. ఈసారి కథ రాశాను. మూడు చార్టులు పట్టింది. కొంచెం పొడుగే, అయినా నిలబడి చివరిదాకా చదవండి. పక్కన పటం కూడా గీశాను. అందులో ఎర్ర చుక్కలు ఊర్లు, నీలం గీతలు విమానం పోయిన దారులు.

ఈ కథ నాకు ఎట్లా దొరికిందో ముందు చెప్తాను. ఒకరోజు సోషల్ మేడం మమ్మల్ని ఒక్కొక్కరినీ లేపి, మీ ఊరు ఇక్కడికి ఎంత దూరం అని అడిగింది. ఒకమ్మాయి ముప్పై కిలోమీటర్లు అని చెప్పింది. ఇంకొకమ్మాయి అరవై అని చెప్పింది. నా వంతు వచ్చింది. నేను ఒక పొద్దు అన్నాను. అందరూ నవ్వారు. నాకు కిలోమీటర్లు తెలియవు మరి. మా ఊర్లో అట్లాగే అంటారు. పొద్దున చద్దన్నం తిని బయలుదేరితే, వాగు దాటి, గుట్ట దిగి, జీపు ఎక్కి, బస్సు మారి ఇక్కడికి వచ్చేసరికి పొద్దు గుంకుతుంది. అది ఒక పొద్దు దూరం. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు కాబట్టి కిలోమీటర్ల సంగతి ఇంట్లో చెప్పేవాళ్లు కూడా లేరు.

మేడం నవ్వలేదు. నేను చెప్పింది తప్పు కాదు, దూరానికి రెండు కొలతలు ఉంటాయి, ఒకటి కిలోమీటర్లు, రెండోది కాలం అని చెప్పింది. ఆ రెండో కొలతను మార్చిన ఒకాయన ఉన్నాడు, ఆయన కూడా మొదట బడి సారే అని చెప్పి, ఆయన కథ నాకు రోజూ కొంచెం కొంచెం చెప్పింది. నేను నోట్సులో రాసుకున్నాను. ఆయన పేరు కార్ల్ బెన్ ఐల్సన్. అందరూ బెన్ అని పిలిచేవారు.

ముందు రెండు ఊర్ల గురించి చెప్పాలి. భూగోళం మీద చానా పైన, ఉత్తరం కొసన అలాస్కా అని ఒక ప్రాంతం ఉంది. అది అమెరికా దేశానిది. అక్కడ ఏడాదిలో సగానికి పైగా మంచే. చలికాలంలో పగలు మూడు నాలుగు గంటలే ఉండే చోట్లు కూడా ఉన్నాయి. అందులో ఫెయిర్‌బ్యాంక్స్ అనే ఊరు ఉంది. బంగారం దొరుకుతుందని మనుషులు వచ్చి కట్టుకున్న ఊరు. రెండో ఊరు మెక్‌గ్రాత్. అది కుస్కోక్విమ్ అనే నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఆ అడవుల్లో, ఆ నదుల వెంట మొదటి నుంచి ఉన్న జనాన్ని అతబాస్కన్లు అంటారు. వాళ్లు వేట, చేపలు, కుక్కల బండ్లతో బతికిన ఆదివాసులు. బంగారం కోసం వచ్చినవాళ్లు తర్వాత వచ్చినవాళ్లే.

మా బడి గ్లోబు మీద దారం పెట్టి కొలిచాను. ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మెక్‌గ్రాత్‌కు ఒక్క సెంటీమీటరు వచ్చింది. నిజంగా అది సుమారు 440 కిలోమీటర్లు, అంటే పక్షి ఎగిరినట్టు సూటిగా పోతే. కానీ మనిషి సూటిగా పోలేడు. కొండలు, గడ్డకట్టిన నదులు, అడవి, మంచు ఉన్నాయి. ఆ రోజుల్లో ఉత్తరాల సంచి కుక్కల బండి మీద పోయేది. చక్రాలు లేని బండి, మంచు మీద జారుతుంది. ఫెయిర్‌బ్యాంక్స్‌లో పోస్టులో వేసిన ఉత్తరం మెక్‌గ్రాత్ చేరడానికి 18 నుంచి 20 రోజులు పట్టేది. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి. ముందు మళ్లీ వస్తుంది.

ఇక ఐల్సన్ కథ. ఆయన 1897 జూలై 20న అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రంలో హాటన్ అనే చిన్న ఊర్లో పుట్టాడు. వాళ్ల పెద్దలు నార్వే దేశం నుంచి వలస వచ్చినవాళ్లు. నాయనకు ఊర్లో అంగడి ఉంది. చిన్నప్పటి నుంచి ఆయనకు విమానాల పిచ్చి. అప్పటికి విమానం అంటే చెక్క, గుడ్డ, తీగలతో కట్టిన బొమ్మలాంటిది. రైట్ సోదరులు మొదటి విమానం ఎగరేసింది 1903లో, అప్పుడు మన బెన్‌కు ఆరేళ్లు. విమానమూ ఆయనా కలిసి పెరిగారు అన్నమాట.

1917లో మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్నప్పుడు ఆయన సైన్యంలో చేరి విమానం నడపడం నేర్చుకున్నాడు. ఆయనను యుద్ధానికి పంపేలోపే 1918లో యుద్ధం అయిపోయింది. ఇంటికి వచ్చి, ఊరివాళ్లతో కలిసి ఒక పాత విమానం కొని, సంతల్లో, జాతరల్లో ఎగిరి చూపించాడు. కానీ దాంతో బతుకు గడవదు కదా. వాళ్ల ఇంట్లోవాళ్లు మంచి చదువు చదివి స్థిరపడాలని కోరుకున్నారు. అందుకని లా చదవడానికి వాషింగ్టన్ నగరం పోయాడు. చదువు ఖర్చు కోసం అక్కడి పార్లమెంటు భవనంలో కాపలా ఉద్యోగం చేశాడు. అక్కడే అలాస్కా ప్రతినిధి డాన్ సదర్లాండ్ అనే ఆయన పరిచయం అయ్యాడు. ఆయన అలాస్కా గురించి చెప్పి, అక్కడికి టీచరుగా వెళ్లమని ప్రోత్సహించాడు. ఐల్సన్ లా చదువు మధ్యలో ఆపి 1922లో ఫెయిర్‌బ్యాంక్స్ హైస్కూల్లో సారుగా చేరాడు.

నాకు ఇక్కడే ఈ కథ మీద ఇష్టం పుట్టింది. మనకు కూడా దూరం నుంచి సార్లు, మేడంలు వస్తారు. కొందరు ఎప్పుడు ట్రాన్స్‌ఫర్ వస్తుందా అని చూస్తారు. ఈయన మాత్రం అక్కడి దారులు చూసి ఆలోచనలో పడ్డాడు. కుక్కల బండికి వారాలు పట్టే దూరం విమానానికి గంటలే కదా అనుకున్నాడు. ఊరి పెద్దలకు ఆ మాట చెప్పి ఒప్పించాడు. వాళ్లు డబ్బులు వేసుకుని ఒక పాత సైనిక విమానం కొన్నారు. దాన్ని జెన్నీ అనేవారు. అది ముక్కలుగా పెట్టెల్లో వచ్చింది. బిగించారు. 1923 జూలైలో ఐల్సన్ దాన్ని ఫెయిర్‌బ్యాంక్స్ మీద ఎగరేశాడు. ఊరంతా చూసింది. ఆ ఏడాది ఎండాకాలంలో గనుల దగ్గరకు మనుషులను, సామాన్లను చేరవేశాడు. దిగడానికి మైదానం అంటూ ఏమీ లేదు. నది ఒడ్డు ఇసుకలో, ఆటస్థలంలో, ఎక్కడ సాపుగా ఉంటే అక్కడ దిగేవాడు.

తర్వాత ఆయన పోస్టు శాఖకు ఉత్తరాలు రాసి రాసి ఒక ఒప్పందం తెచ్చుకున్నాడు. ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మెక్‌గ్రాత్‌కు పదిసార్లు విమానంలో టపా తీసుకుపోవాలి. అది పరీక్ష లాంటిది. మైలుకు రెండు డాలర్లు ఇస్తామన్నారు. కుక్కల బండికి ఇచ్చేదాంట్లో అది సగమే. పోస్టు శాఖ డీహావిలాండ్ అనే పెద్ద విమానం పంపింది. చక్రాలు తీసి కింద స్కీలు, అంటే మంచు మీద జారే చెక్కలు కట్టారు. దాని మీద కప్పు లేదు. తల బయటే. ఆ చలిలో గాలి మొహానికి కొడుతూ ఉంటుంది. సారు జంతువుల బొచ్చు కోటు, మేజోళ్ల మీద మేజోళ్లు, బూట్లు వేసుకుని కదలలేనంత లావుగా తయారయ్యాడంట.

1924 ఫిబ్రవరి 21 పొద్దున బయలుదేరాడు. సంచిలో 164 పౌన్లు, అంటే సుమారు 74 కిలోల ఉత్తరాలు. కింద అంతా తెల్లగా ఉంది. దారి చూపడానికి నదులు, కుక్కల బండ్ల జాడలు తప్ప ఏమీ లేవు. రేడియో లేదు. ఇంజను ఆగితే దిగిన చోటు నుంచి నడిచి రావాల్సిందే. అట్లా పోయి పోయి మూడు గంటల లోపే మెక్‌గ్రాత్‌లో దిగాడు. ఆ ఊరివాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చారు. 18 రోజుల దారి 3 గంటలు అయింది. లెక్క చేశాను. 18 రోజులంటే 432 గంటలు. దాన్ని 3తో భాగిస్తే 144. అంటే కుక్కల బండి ఒకసారి పోయే కాలంలో ఆ విమానం 144 సార్లు పోగలదు. విమానం వేగం గంటకు సుమారు 155 కిలోమీటర్లు పడింది. మన రోడ్ల మీద బస్సు అందులో మూడో వంతు కూడా పోదు.

కానీ ఆ కథ అక్కడితో అయిపోలేదు. అక్కడ కాసేపు ఆగి మధ్యాహ్నం తిరిగి బయలుదేరాడు. ఫిబ్రవరిలో అక్కడ పొద్దు తొందరగా గుంకుతుంది. చీకటి పడింది. దారి తప్పాడు. కింద ఏ నది ఏదో తెలియలేదు. చివరికి దూరంగా వెలుగు కనపడింది. ఫెయిర్‌బ్యాంక్స్ జనం ఆయన రాలేదని భయపడి మైదానంలో నెగళ్లు వేసి కూర్చున్నారు. ఆ మంటలు చూసి దిగాడు. దిగేటప్పుడు విమానం దెబ్బతింది, ఆయనకు ఏమీ కాలేదు. నాకేం అనిపించిందంటే, పోయేటప్పుడు దూరాన్ని తగ్గించింది ఇంజను, వచ్చేటప్పుడు ఆయనను దించింది మాత్రం కింద కట్టెలు మోసిన మనుషులు.

ఆ తర్వాత కూడా టపా తీసుకుపోయాడు. అయితే ఎండలు వచ్చి మంచు కరిగాక నేల బురద అయింది. దిగేటప్పుడు విమానం మళ్లీ మళ్లీ పాడయింది. పది సార్లూ పూర్తి కాకముందే పోస్టు శాఖ ఒప్పందం రద్దు చేసి విమానం వెనక్కి తీసుకుంది. ఉత్తరాలు మళ్లీ కుక్కల బండి ఎక్కాయి. సారుకు ఎంత బాధ అయిందో. ఆయన అలాస్కా వదిలి వెళ్లిపోయాడు.

1925 జనవరిలో అలాస్కా పడమటి తీరంలో నోమ్ అనే ఊర్లో డిఫ్తీరియా అనే కంఠసర్పి రోగం వచ్చింది. పిల్లలు గొంతు మూసుకుపోయి చనిపోతున్నారు. మందు రైలులో నెనానా అనే ఊరి దాకా వచ్చింది. అక్కడి నుంచి నోమ్‌కు 674 మైళ్లు, అంటే దాదాపు 1085 కిలోమీటర్లు. విమానంలో పంపుదామని కొందరు అన్నారు. కానీ ఫెయిర్‌బ్యాంక్స్‌లో విమానాలను చలికాలమని విప్పి పెట్టారు, నడిపే ఐల్సన్ ఊర్లో లేడు. అప్పుడు సుమారు 20 మంది కుక్కల బండ్లవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మందు అందుకుంటూ అయిదున్నర రోజుల్లో చేర్చారు. వాళ్లలో చానామంది అతబాస్కన్ ఆదివాసులే. అందరూ చివరి బండి కుక్క బాల్టో పేరు చెప్తారు, దానికి విగ్రహం కూడా పెట్టారు. దారిలో ఉన్న ఆదివాసుల పేర్లు తక్కువమందికి తెలుసు. విమానం గొప్పది అని రాస్తున్నాను కాబట్టి ఈ మాట కూడా రాయాలనిపించింది.

1926లో ఐల్సన్‌కు మళ్లీ పిలుపు వచ్చింది. ఆస్ట్రేలియా దేశస్థుడు హ్యూబర్ట్ విల్కిన్స్ అనే అన్వేషకుడు ఉత్తర మంచు సముద్రం మీద విమానంలో తిరిగి ఎక్కడైనా కొత్త నేల ఉందేమో చూడాలనుకున్నాడు. అలాస్కా చలిలో విమానం నడిపిన మనిషి కావాలంటే ఐల్సన్ పేరే చెప్పారు. వాళ్లు బయలుదేరే చోటు పాయింట్ బారో. అలాస్కాలో అన్నిటికంటే పైన ఉన్న ఊరు. అది ఇనూపియట్ జనం ఊరు. 2016లో ఆ ఊరివాళ్లు ఓటు వేసి బారో పేరు తీసేసి తమ పాత పేరు ఉట్కియాగ్విక్ మళ్లీ పెట్టుకున్నారు.

1927 మార్చి 29న ఇద్దరూ బారో నుంచి మంచు సముద్రం మీదికి ఎగిరారు. ఇంజను చెడిపోయింది. తేలే మంచుగడ్డ మీద దిగి, చలిలో చేతులతో బాగు చేశారు. ఆ చేతులతోనే ఐల్సన్ వేళ్లు గడ్డకట్టుకుపోయాయి. తిరిగి వస్తుండగా రాత్రిపూట తుఫానులో పెట్రోలు అయిపోయింది. ఇంజను ఆగిన విమానాన్ని చీకట్లో, కింద ఏముందో కనపడకుండా మంచు మీద దించాడు. ఇద్దరూ బతికారు. అయిదు రోజులు తుఫాను ఆగలేదు. విమానంలోనే ముడుచుకుని కూర్చున్నారు. తర్వాత విమానం వదిలేసి నడిచారు. మంచు పగిలిన చోట పాకుతూ, నీళ్లు దాటుతూ, ఒకసారి విల్కిన్స్ నీళ్లలో పడి లేచి, 13 రోజులు నడిచి బీచీ పాయింట్ అనే చోట ఉన్న వ్యాపారి ఇంటికి చేరారు. ఐల్సన్ చిటికెన వేలు కోసెయ్యాల్సి వచ్చింది.

విమానంలో అయితే అది గంట కూడా పట్టని దూరం. నడిస్తే 13 రోజులు. విమానం ఆగిన నిమిషమే దూరం మళ్లీ పాత దూరం అయిపోయింది. ఇది చదివిన రోజు నాకు మా ఊరి గుట్ట గుర్తొచ్చింది.

అయినా 1928లో మళ్లీ ఇద్దరూ బయలుదేరారు. ఈసారి బారో నుంచి ఉత్తర మంచు సముద్రం మీదుగా అవతలి ఒడ్డున, నార్వే దేశానికి చెందిన స్పిట్స్‌బెర్గెన్ దీవికి పోవాలి. గోడ మీది ప్రపంచ పటంలో చూస్తే ఈ రెండూ చానా దూరం. ఒకటి పటం ఎడమ కొసన, ఇంకోటి మధ్యలో. కానీ గ్లోబు పట్టుకుని పై నుంచి చూడండి. రెండూ ధ్రువానికి అటొకటి ఇటొకటి ఎదురెదురుగా ఉంటాయి. దారంతో కొలిస్తే 8 సెంటీమీటర్లే. మేడం ఇంకో లెక్క చెప్పింది. ఒక డిగ్రీ అక్షాంశం 111 కిలోమీటర్లు. బారో 71 డిగ్రీల మీద ఉంది, ధ్రువానికి 19 డిగ్రీలు. స్పిట్స్‌బెర్గెన్‌లో వాళ్లు పోవాల్సిన రేవు 78 డిగ్రీల మీద ఉంది, ధ్రువానికి 12 డిగ్రీలు. రెండూ కలిపితే 31. దాన్ని 111తో గుణిస్తే 3441 కిలోమీటర్లు. వాళ్లు సరిగ్గా ధ్రువం మీదుగా కాకుండా కొంచెం పక్కగా పోయారు కాబట్టి సుమారు 2200 మైళ్లు, అంటే 3540 కిలోమీటర్లు అయింది. సాపు పటాన్ని నమ్మితే మోసపోతాం, భూమి గుండ్రంగా ఉంది అని నాకు అప్పుడు నిజంగా అర్థమైంది. పుస్తకంలో చదివితే అర్థం కాలేదు.

అక్కడ దిక్సూచి కూడా సరిగ్గా పనికిరాదు. దిక్సూచి ముల్లు చూపేది అయస్కాంత ధ్రువాన్ని, అది అసలు ధ్రువం కాదు. ధ్రువానికి దగ్గరైతే దిక్కులు గంట గంటకూ మారిపోతాయి. విల్కిన్స్ సూర్యుడి ఎత్తు కొలుస్తూ దారి చెప్తుంటే ఐల్సన్ నడిపాడు.

ఎగరడానికి ముందు బారోలో ఇనూపియట్ ఊరివాళ్లు పారలతో మంచు తవ్వి పొడుగాటి దారి చేసి ఇచ్చారు. 1928 ఏప్రిల్ 15న లాక్‌హీడ్ వేగా అనే విమానంలో బయలుదేరారు. 20 గంటల 20 నిమిషాలు ఎక్కడా ఆగకుండా పోయారు. గంటకు 174 కిలోమీటర్లు అన్నమాట. చివర్లో తుఫాను వచ్చింది. పెట్రోలు అయిపోవస్తోంది. మనుషులు లేని ఒక చిన్న దీవి మీద దిగారు. అక్కడ అయిదు రోజులు తుఫానులో ఉండిపోయారు. తర్వాత ఎగరాలంటే విమానం మంచులో అతుక్కుపోయింది. విల్కిన్స్ వెనక నుంచి నెట్టాలి, కదలగానే పరుగెత్తి ఎక్కాలి. మొదటిసారి ఎక్కలేకపోయాడు, విమానం ఆయన లేకుండానే ఎగిరిపోయింది. ఐల్సన్ చూసుకుని మళ్లీ దిగాడు. రెండోసారి వేలాడి జారి పడ్డాడు. మళ్లీ దిగాడు. ఉన్న పెట్రోలే కొంచెం, అయినా ఆయనను వదిలి పోలేదు. మూడోసారి ఎక్కాడు. అప్పుడు గ్రీన్ హార్బర్ అనే రేవుకు చేరారు. అమెరికా వైపు నుంచి యూరప్ వైపుకు ఉత్తర మంచు సముద్రం మీదుగా విమానంలో దాటిన మొదటివాళ్లు వాళ్లే.

అదే ఏడాది చివర్లో ఇద్దరూ భూమికి కింది కొసన అంటార్కిటికాకు పోయి అక్కడ కూడా విమానం నడిపారు. ఆ ఖండం మీద విమానం ఎగరడం 1928 నవంబరులో వాళ్లతోనే మొదలు. అమెరికాలో ఐల్సన్‌కు పెద్ద పెద్ద పతకాలు ఇచ్చారు. ఆయన కావాలంటే నగరంలో హాయిగా ఉండొచ్చు. 1929లో తిరిగి అలాస్కాకే వచ్చి అలాస్కన్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ నడిపాడు. ఊరికీ ఊరికీ విమానాలు తిప్పాలన్నదే ఆయన పాత కోరిక.

ఇక ఆఖరి భాగం. 1929లో నానుక్ అనే ఓడ సైబీరియా ఉత్తర తీరంలో నార్త్ కేప్ అనే చోట మంచులో చిక్కుకుపోయింది. అందులో జంతువుల బొచ్చు తోళ్లు, మనుషులు ఉన్నారు. ఓడ యజమాని కూతురు మారియన్ స్వెన్సన్ కూడా ఉంది. ఆమెకు 17 ఏళ్లు. మన ఇంటర్ అక్కల వయసు. ఆ మంచులో నుంచి ఓడలో ఉన్న రేడియో ద్వారా పత్రికకు వార్తలు పంపింది. మనుషులను, తోళ్లను తీసుకురావడానికి ఐల్సన్ కంపెనీతో 50,000 డాలర్ల ఒప్పందం చేసుకున్నారు.

అలాస్కాలో టెల్లర్ అనే ఊరి నుంచి నార్త్ కేప్‌కు సూటిగా సుమారు 700 కిలోమీటర్లు. మధ్యలో సముద్రం. ఐల్సన్ ఒకసారి పోయి కొందరిని, కొన్ని తోళ్లను క్షేమంగా తెచ్చాడు. రెండోసారి 1929 నవంబరు 9న మెకానిక్ ఎర్ల్ బోర్లాండ్‌తో కలిసి బయలుదేరాడు. అయిదు గంటల లోపు దారి. ఓడలోవాళ్లు ఆకాశం చూస్తూ కూర్చున్నారు. విమానం రాలేదు.

వెతకడం మొదలైంది. అది చలికాలం, అక్కడ పగటి వెలుగు కొంచెంసేపే. తుఫాను తర్వాత తుఫాను. అమెరికా, కెనడా, సోవియట్ దేశాల విమానాలు వెతికాయి. కుక్కల బండ్లు కూడా వెతికాయి. 77 రోజుల తర్వాత, 1930 జనవరి చివర జో క్రాసన్, హెరాల్డ్ గిల్లమ్ అనే ఇద్దరు పైలట్లకు మంచులో నుంచి పొడుచుకు వచ్చిన ఒక రెక్క కనపడింది. ఫిబ్రవరిలో మంచు తవ్వి ఇద్దరి శవాలను తీశారు. సోవియట్ పైలట్ స్లెప్న్యోవ్ వాళ్లను అలాస్కా దాకా తెచ్చి అప్పగించాడు. ఐల్సన్‌కు అప్పటికి 32 ఏళ్లు. ఆయనను సొంత ఊరు హాటన్‌లోనే పూడ్చిపెట్టారు.

ఎత్తు చూపే యంత్రం తప్పు చూపి ఉంటుందని అప్పుడు అనుకున్నారు. ఆ యంత్రం గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్తుంది. తుఫానులో గాలి ఒత్తిడి తగ్గితే, కిందనే ఉన్నా పైన ఉన్నట్టు చూపుతుంది. తెల్లటి మంచులో నేల ఏదో ఆకాశం ఏదో కంటికి తెలియదు. విమానం పడిన చోటు నుంచి ఓడకు 150 కిలోమీటర్ల లోపే. అంటే గంట దూరం కూడా లేదు. ఆ గంట దూరంలో ఆయనను కనుక్కోవడానికి 77 రోజులు పట్టింది.

ఇప్పటికీ మెక్‌గ్రాత్‌కు బయటి నుంచి రోడ్డు లేదు. కానీ టపా, మందులు, సామాన్లు విమానంలో పోతాయి. ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర ఉన్న సైనిక విమానాశ్రయానికి ఐల్సన్ పేరు పెట్టారు. ఒక కొండకు కూడా ఆయన పేరు ఉంది. కానీ నాకు ఆయన పేరు కంటే ఆ మొదటి సంచిలో ఉన్న ఉత్తరాలే గుర్తుంటాయి. ఎవరి తల్లి రాసిందో, ఎవరికి జ్వరం వచ్చిందని రాశారో, ఆ మాట 18 రోజులు పాతబడకుండా అదే రోజు అందింది.

ఇది ఎందుకు రాశానో చెప్పి ముగిస్తాను. పోయిన వానాకాలం మా నాయినమ్మకు జ్వరం వచ్చింది. వాగు పొంగింది. డోలీ కట్టి మోసుకుపోదామన్నా దాటే వీలు లేకపోయింది. మా ఊర్లో సెల్ ఫోను సిగ్నల్ లేదు, గుట్ట ఎక్కితేనే వస్తుంది, ఆ వానలో ఎవరూ ఎక్కలేదు. రెండో రోజు రాత్రి చనిపోయింది. వాగు తగ్గాక జీపు డ్రైవరు అన్న వచ్చి చెప్తే నాకు తెలిసింది. అది నాలుగో రోజు. అప్పటికి అన్నీ అయిపోయాయి.

మేడం దగ్గర మండలం పటం తీసుకుని దారంతో కొలిచాను. మా ఊరికీ బడికీ సూటిగా 19 కిలోమీటర్లే. ఐల్సన్ సారు మొదటి టపా విమానం వేగంతో లెక్క వేస్తే ఏడు నిమిషాల చిల్లర. ఆ లెక్క చేసిన రోజు నాకు అన్నం సయించలేదు. 1924లో దాటిన దూరం మా ఊరికి ఇంకా దాటని దూరమే.

మా ఊరికి విమానం కావాలని నేను అనను. వాగు మీద ఒక వంతెన చాలు. నేను పెద్దయి ఇంజనీరు అవుతానో నర్సు అవుతానో ఇంకా తెలియదు. ముందు పదో తరగతి పాసవ్వాలి. కానీ ఇప్పుడు ఎవరైనా మీ ఊరు ఎంత దూరం అని అడిగితే రెండూ చెప్తాను. సూటిగా 19 కిలోమీటర్లు, నడిచి వస్తే ఒక పొద్దు, వాగు పొంగితే నాలుగు రోజులు. ఇప్పుడు నవ్వేవాళ్లు నవ్వండి.

చెల్లెళ్లూ, మీ ఊరి దూరం కూడా రెండు కొలతల్లో రాసి కింద కట్టిన తెల్ల కాగితం మీద అంటించండి. అన్నీ కలిపి ఒక పటం గీద్దాం.

ఇట్లు,
మీ అక్క, 9వ తరగతి